రోడ్డు సగం వీధిలో ఎందుకు ఆగిపోతుంది: వార్డు అమెనిటీస్ సెక్రటరీగా నా అనుభవం

మా వార్డు సచివాలయం పరిధిలో ఒక వీధికి సిమెంటు రోడ్డు కోసం 2024 అక్టోబరులో కాగితం కదిలితే 2025 జూన్‌లో రోడ్డు పడింది, కాంట్రాక్టరు చేతికి డబ్బు సెప్టెంబరులో వచ్చింది. పడింది కూడా మొత్తం కాదు, 140 మీటర్ల వీధిలో 90 మీటర్లు. కృష్ణా, గుంటూరు వైపు ఊరు అని మాత్రం చెప్తాను, మున్సిపాలిటీ పేరు చెప్పను, ఇంకా ఇదే ఉద్యోగం చేసుకోవాలి నేను. "సగంలో ఆపేశారేంటి, మిగతాది ఎవరు తిన్నారు?" అని ఆ వీధిలో నన్ను అడగని మనిషి లేరు. వార్డులో రోడ్లు, డ్రెయిన్లు, కుళాయిలు చూసుకునే పనికి కొత్తగా చేరిన అమెనిటీస్ సెక్రటరీలకు, ఆ ప్రశ్న అడిగేవాళ్లకు కూడా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఇంజినీరింగ్ విభాగం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, వచ్చే ఏడాది బడ్జెట్ కోసం వార్డుల్లో చేయాల్సిన రోడ్లు, డ్రెయిన్లు, కల్వర్టులు ప్రాధాన్యం ప్రకారం సోమవారం పొద్దున్నకల్లా పంపాలని. ఏడాదికి సరిపడా ప్లాను, రెండు రోజుల టైము, అందులో ఒకటి ఆదివారం! అదృష్టం కొద్దీ సెప్టెంబరు వానల్లో ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో ఫొటోలు నా ఫోన్లో ఉన్నాయి. అవే నా జాబితా. కొత్తవాళ్లకు ముందే చెప్తున్నా, జూలై నుంచి అక్టోబరు వరకు వాన పడ్డ రోజే ఫొటో తీసి పెట్టుకోండి. ఎండాకాలంలో అన్ని రోడ్లూ బాగానే కనిపిస్తాయి.

ఈ వీధిని మొదటి లైనులో పెట్టడానికి కారణం చివర్లో ఉండే ఒక పెద్దావిడ ఇల్లు. టేపు పట్టుకుని వెళ్తుంటే "అమ్మాయ్, కాస్త ఇటు రా" అని పిలిచి గడప చూపించింది. గడపకు పసుపు రాసి ఉంది కానీ ద్వారబంధం అడుగున జానెడు మేర రంగు పొక్కులు లేచి చెక్క ఉబ్బిపోయింది. "నేను కాపురానికి వచ్చినప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కి లోపలికి వచ్చేదాన్ని, ఇప్పుడు ఇంట్లోకి దిగుతున్నాం చూడు" అంది. నిజమే, ఆ మెట్లు రోడ్డు కిందే ఉన్నాయి. పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది, మళ్లీ దాని మీద ఇంకొకటి వేసుకుంటూ పోతే అంతే కదా. మా ఏరియా మేస్త్రీ దగ్గర లెవెల్ ట్యూబు తీసుకుని నీళ్లు నింపి చూస్తే ఆమె గడప కంటే రోడ్డు 11 సెంటీమీటర్లు ఎత్తుంది. దాని మీద ఇంకో 15 సెంటీమీటర్ల కాంక్రీటు పోస్తే ఏమవుతుందో చెప్పడానికి డిప్లొమా అక్కర్లేదు.

జాబితా పంపిన కొద్ది రోజులకే, నవంబరు 2న ముఖ్యమంత్రి గారు అనకాపల్లి జిల్లాలో గుంతలు పూడ్చే కార్యక్రమం మొదలుపెట్టారు, సంక్రాంతికి రోడ్ల మీద గుంతలు ఉండకూడదని టీవీల్లో వచ్చింది. ఇక మా సచివాలయానికి జనం రాక మొదలైంది. "టీవీలో చెప్పారుగా, మా వీధి ఎప్పుడు?" అని. అది రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) రోడ్లకండీ, వీధి రోడ్లు మున్సిపాలిటీవి, డబ్బు వేరు, ఆఫీసు వేరు అని చెప్తే నమ్మరు, నేనేదో తప్పించుకుంటున్నానని అనుకుంటారు. వాళ్లనీ అనలేం. మా ఊరి మధ్యలో పోయే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది, దాని పక్క డ్రెయిను మాది, డ్రెయిను మీద మూతలు ఎవరివో నాకు ఇప్పటికీ ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు.

డిసెంబరులో ఎస్టిమేట్లు. నేను కొలతలు ఇస్తే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ధరల పట్టిక) రేట్ల ప్రకారం లెక్క కడతారు. వీధి వెడల్పు కాగితం మీద మూడు మీటర్లు, అక్కడక్కడ అరుగులు, ర్యాంపులు, ఒక తులసికోట ముందుకొచ్చి రెండున్నరే ఉంది. పాత కాంక్రీటు పగలగొట్టి తీయడం, కింద బేస్, పైన 15 సెంటీమీటర్ల సిమెంటు కాంక్రీటు, క్వారీ దూరాన్ని బట్టి కంకరకు లీడ్ (రవాణా) చార్జీలు, అన్నీ కలిపి పని విలువ ఆరున్నర లక్షలు తేలింది. దాని మీద 18 శాతం జీఎస్టీ లక్షా పదిహేడు వేలు, లేబర్ సెస్సు ఒక శాతం, మొత్తం ఏడు లక్షల డెబ్బై వేలు దాటింది. మా కౌన్సిలర్ గారు ఆ కాగితం చూసి "మన ఊరి డబ్బుతో మన వీధికి రోడ్డు వేసుకుంటే జీఎస్టీ ఏంటమ్మా, దాంతో ఇంకో ఇరవై మీటర్లు వచ్చేదిగా" అన్నారు. లెక్క కరెక్టే, ఇరవై మీటర్లు వచ్చేది. 2022 జూలై దాకా ఇలాంటి పనులకు 12 శాతమే ఉండేది, అప్పుడు పెంచారు.

ఇక అసలు సంగతి, డబ్బు. ఉద్యోగంలో చేరి ఐదేళ్లయినా నాకు ఇది ఈసారే పూర్తిగా అర్థమైంది. మున్సిపాలిటీ ఖాతాలో డబ్బు ఉండటం వేరు, రోడ్డుకు పెట్టగల డబ్బు ఉండటం వేరు. కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు ఉన్నాయి కదా అని అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి అడిగాను. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు, రోడ్డు మాట ఎత్తకూడదు. మిగతా 40 శాతం మన ఇష్టం అన్నారు కానీ అది పాత పనుల మీద అప్పటికే కమిట్ అయిపోయి ఉంది. ఎస్సీ సబ్ ప్లాన్ డబ్బు ఎస్సీ కాలనీల్లోనే ఖర్చు పెట్టాలి, పెట్టాలి కూడా, దాన్ని ఇటు లాగమని నేను అడగను. కొత్త లేఅవుట్ల వాళ్లు కట్టిన డెవలప్‌మెంట్ చార్జీలు ఆ లేఅవుట్ల వైపే వాడాలన్నారు. ఎంపీ గారికి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, మొత్తం పార్లమెంటు నియోజకవర్గానికి, అందులో మా వీధి ఎక్కడ.

మిగిలింది జనరల్ ఫండు. ఇంటిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, షాపుల అద్దెలు, ఇవే. అందులోంచి పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల బిల్లు, పంపుల కరెంటు బిల్లు ముందు పోవాలి. అవి పోగా ఆ ఏడాది వార్డు రోడ్లకు తేలింది కోటిన్నర, ఊరికి 30 వార్డులు.

జనవరిలో, సంక్రాంతికి ముందు, కౌన్సిల్ మీటింగు. మా ఇంజినీరింగ్ వాళ్లు ఇచ్చిన జాబితా నిజానికి ఊరు మొత్తం మీద ఏ వీధి అధ్వానంగా ఉంటే అది ముందు అన్న వరసలో ఉంది. ఆ వరస మీద చర్చ పావుగంట కూడా జరగలేదు. "మా వార్డుకు సున్నా, వాళ్ల వార్డుకు ఇరవై లక్షలా?" అని ఒకరు లేచారు, ఆ తర్వాత అందరూ లేచారు, చివరికి వార్డుకు ఐదు లక్షలు సమానంగా అని తీర్మానం. కొత్త కాలనీ వార్డులో గుంత లేదు, అక్కడా ఐదు లక్షలే. మా పాత ఊళ్లో పది వీధులు చితికిపోయాయి, ఇక్కడా ఐదు లక్షలే. పార్టీలతో పని లేదు, ఈ విషయంలో అందరిదీ ఒకటే మాట. వాళ్ల వైపు నుంచి చూస్తే రేపు ఓటు అడగాల్సింది వాళ్లే, అది నాకూ తెలుసు. కానీ మన ఊళ్లలో రోడ్డు వీధి మధ్య దాకా వచ్చి ఎందుకు ఆగిపోతుందో తెలుసుకోవాలంటే ఆ పావుగంట చూస్తే చాలు.

ఐదు లక్షలకు మా వీధిలో 90 మీటర్లు వస్తుంది. ఏ 90 మీటర్లు? పై చివర రామాలయం ఉంది, వాళ్లకు ఏప్రిల్ 6న శ్రీరామనవమి లోపు కావాలి. కింది చివర పెద్దావిడ ఇల్లు, ఆ పక్కనే పెద్ద డ్రెయిను. పైనుంచి వేస్తే వాననీళ్లు నున్నటి రోడ్డు మీద ఇంకా వేగంగా జారి కిందింటివాళ్ల గుమ్మంలోకే వస్తాయి, కాబట్టి డ్రెయిను దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. గుడి దగ్గర పెద్దమనుషులకు ఇది చెప్పడానికి వెళ్తే "నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు, మాకు చెప్తావా తల్లీ" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నారు, అది ఇంకా కష్టంగా ఉంటుంది.

దానికి తోడు ఆఫీసులో ఇంకో మాట వచ్చింది. పాత రోడ్డు పగలగొట్టే ఐటం తీసేస్తే అదే డబ్బుకు ఇంకో ఏడెనిమిది మీటర్లు పెరుగుతుందని. రోడ్డు పొడుగు అందరికీ కనిపిస్తుంది, ఎత్తు ఎవరికి కనిపిస్తుంది? నాకు ఆ రోజు నిజంగా ఏడుపు వచ్చింది, ఎందుకంటే ఈ మొత్తం పని మొదలైందే ఆ ఎత్తు వల్ల. వాదించకుండా ప్రతి ఇంటి గడపకు, రోడ్డుకు మధ్య ఎన్ని సెంటీమీటర్లు తేడా ఉందో ఒక కాగితం మీద వరసగా రాసి, పెద్దావిడ ద్వారబంధం ఫొటో జత చేసి మున్సిపల్ ఇంజినీరు గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన మూడో రోజు బండి మీద తనే వచ్చి ఆ ఇంటి ముందు నిలబడి చూసి, "ఐటం ఉంచండి, కింది నుంచే వేయండి" అని చెప్పి వెళ్లారు. ఆ కాగితం తయారుచేయడానికి నాకు ఒక పూట పట్టింది.

అంతా అయిందనుకుంటుండగా జనవరి 29న ఎన్నికల కోడ్ వచ్చింది. కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. మా వీధిలో ఓటున్న పట్టభద్రులు ఎందరో నాకు తెలియదు గానీ కొత్త పనులన్నీ ఆగాయి. ఫిబ్రవరి 27 పోలింగు, మార్చి 3న లెక్కింపు మొదలు, కోడ్ ఎత్తేసేసరికి మార్చి మొదటి వారం దాటింది. అప్పటికి మార్చి నెలాఖరు పన్ను వసూళ్ల హడావుడి, సచివాలయంలో ఉన్న అందరినీ ఇంటింటికీ తిప్పారు. రోడ్డు వేయించలేదని నిలదీసిన ఇంటికే వెళ్లి పన్ను బకాయి కట్టమని అడగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. "రోడ్డు వెయ్యండి, కడతాం" అంటారు. "కడితేనే కదండీ రోడ్డు" అంటాను. ఇద్దరిదీ నిజమే, కాసేపు నవ్వుకుని మజ్జిగ తాగి వచ్చేదాన్ని. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఉంటుందని చెప్తే మాత్రం కొందరు వెంటనే కట్టారు.

శ్రీరామనవమికి టెండరే పిలవలేదు. గుడి వాళ్లు చందాలేసుకుని రెండు ట్రాక్టర్లు క్రషర్ డస్ట్ తెప్పించి గుంతలు పూడ్చి పందిరి వేసుకున్నారు. కల్యాణానికి వెళ్తే పానకం ఇచ్చారు, మాట మాత్రం ముక్తసరిగానే.

ఏప్రిల్ మధ్యలో ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండరు. ఒక్కరూ వేయలేదు. మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు, నాకు అసలు లేదు. ఐదు లక్షల పనికి మిక్సరు, మనుషులు, సెంట్రింగు తెచ్చుకుని, చేశాక బిల్లు ఎప్పుడొస్తుందో తెలియక వడ్డీలు కట్టుకోవాలంటే చిన్న కాంట్రాక్టరు ఎందుకు వస్తాడు. పాత బిల్లుల భయం ఇంకా పోలేదు వాళ్లకు. చివరికి పక్క రెండు వార్డుల పనులు కలిపి ఒకే ప్యాకేజీగా రెండోసారి పిలిస్తే ఇద్దరు వేశారు, 11 శాతం లెస్‌కు, అంటే ఎస్టిమేటు కంటే అంత తక్కువకు, ఒకాయనకు దక్కింది. లెస్ అంటే బయటివాళ్లకు సంతోషం, ప్రభుత్వానికి మిగిలింది అని. మాకు టెన్షన్, ఆ తగ్గించింది సిమెంటులో తగ్గిస్తాడేమోనని. 25 శాతం కంటే కిందకి వెళ్తే తేడా మొత్తానికి అదనంగా డిపాజిట్ కట్టాలనే షరతు ఉంది కాబట్టి మరీ అడుగుకు పోరు.

ఇక్కడ ఇంకో సంగతి. 11 శాతం మిగిలింది కదా, ఆ డబ్బుతో ఇంకో పది మీటర్ల దాకా వేయొచ్చు కదా అని నేనే అడిగాను. కుదరదు. మిగులు తిరిగి జనరల్ ఫండులోకి పోతుంది, పొడిగించాలంటే రివైజ్డ్ ఎస్టిమేటు, మళ్లీ మంజూరు. అంతకాలం ఆగితే వానలు.

వానలు ఎలాగూ ఆగలేదు. పని మొదలైంది మే 22న, పాత రోడ్డు పగలగొట్టడం. రుతుపవనాలు 24న కేరళను తాకాయి, మామూలుగా జూన్ మొదట్లో వచ్చేవి, రెండు రోజులకు రాయలసీమలోకి వచ్చేశాయి. మాకు పగలగొట్టిన వీధి, పైన మబ్బులు. తారు రోడ్డయితే సీజను అయిపోయినట్టే, సిమెంటు కాబట్టి టార్పాలిన్లు కప్పుకుంటూ బతికాం. ఆ పది రోజులు పెద్దావిడ ఇంటికి వెళ్లాలంటే చెక్క మీద నడిచి వెళ్లాలి. వీధిలో ఒకింట్లో పెళ్లి, వాళ్లు పందిరి కోసం గుంజలు పాతడానికి తేదీ అడిగితే కాంట్రాక్టరు మేస్త్రీ ఆ ఇంటి ముందు ముక్క చివరికి పెట్టుకున్నాడు. ఇవేవీ ఎస్టిమేట్‌లో ఉండవు.

కాంక్రీటు పోసే ముందు ఇంటింటికీ వెళ్లి చెప్పిన మాట ఒకటే, కుళాయి కనెక్షను పాతదైతే ఇప్పుడే పైపు మార్చుకోండి, కొత్తది కావాలంటే ఇప్పుడే దరఖాస్తు పెట్టుకోండి, తర్వాత రోడ్డు కోస్తే పునరుద్ధరణ చార్జీలు కట్టాలి అని. సగం మంది మార్చుకున్నారు. మిగతావాళ్లలో ఒకాయన ఆగస్టులో పైపు లీకయిందని వచ్చారు, అది వేరే కథ.

పోసే రోజు పొద్దున ఏఈ గారు, నేను అక్కడే ఉన్నాం. నీడిల్ వైబ్రేటరు సరిగ్గా తిప్పుతున్నారా, డ్రెయిను వైపు వాటం వస్తుందా అని చూడటం, బలం పరీక్షకు అదే కాంక్రీటుతో క్యూబులు పోయించి వాటి మీద తేదీ రాయించడం. 28 రోజుల టెస్టు రిపోర్టు వచ్చేదాకా ఆ క్యూబులే మా ధైర్యం. ఆ సాయంత్రమే ఒక కుర్రాడు బైకుతో తాడు దాటుకుని వెళ్లబోతే పెద్దావిడ కర్ర పట్టుకుని అరుగు మీంచి దిగింది! మర్నాటి నుంచి ఇసుక కట్టలతో మడులు కట్టి నీళ్లు నిలిపారు, కాంట్రాక్టరు మనిషి రాని పూట వీధివాళ్లే బకెట్లతో పోశారు. ఆమె గడప ఇప్పుడు రోడ్డు కంటే నాలుగు సెంటీమీటర్లు ఎత్తు. మెట్లేమీ తిరిగి రాలేదు కానీ జూలైలో వానకు నీళ్లు లోపలికి రాలేదు.

జూన్ నెలలోనే మా సచివాలయ ఉద్యోగుల బదిలీలు వచ్చాయి, నేను ఊరి అవతలి వైపు వార్డుకు మారాను. ఎం-బుక్ (కొలతల పుస్తకం)లో కొలతలు మాత్రం నా ముందే పూర్తిచేయించాను, 90 మీటర్లకు 89.60 వచ్చింది, అదే రాశాం. క్యూబ్ రిపోర్టు వచ్చాక బిల్లు ఆగస్టులో ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో ఎక్కింది, సెప్టెంబరు మధ్యలో డబ్బు పడిందని కాంట్రాక్టరు ఫోన్ చేసి "మేడం, ఈసారి తొందరగా వచ్చింది" అన్నాడు. మూడు నెలలు తొందర అట. మెయింటెనెన్స్ గడువు రెండేళ్లు, అప్పటిదాకా పగుళ్లొస్తే ఆయనదే బాధ్యత, కొంత డబ్బు ఆపి ఉంచుతారు.

నా చోట వచ్చిన అమ్మాయి మొన్న ఫోన్ చేసింది, మళ్లీ అదే మెసేజ్ వచ్చిందట, జాబితా సోమవారంకల్లా పంపాలని. మిగిలిన 50 మీటర్లు మొదటి లైనులో పెట్టమన్నాను, గుడివాళ్లకు మాటిచ్చాం. కౌన్సిల్ గడువు 2026 మార్చితో అయిపోతుంది, 15వ ఆర్థిక సంఘం కాలం కూడా ఆ నెలాఖరుతోనే అయిపోతుంది, కాబట్టి తీర్మానం డిసెంబరు లోపే చేయించుకో, జనవరి దాకా ఆగకు అన్నాను. గడపల కొలతల కాగితం ఫొటో పంపాను. గుడి వైపు ఇళ్లు ఎత్తుగానే ఉంటాయి, ఈసారి పగలగొట్టే ఐటం నిజంగానే అక్కర్లేదేమో, లెవెల్ ట్యూబు పెట్టి చూసుకుని అవసరం లేకపోతే తనే తీసేయొచ్చు, ఆ డబ్బుతో చివరి నాలుగు మీటర్లు కూడా వచ్చేస్తాయి.